పాత జర్మన్ వేట రైఫిల్ కొనబోతున్నా, డబ్బు కట్టకముందు ఏం చూడాలి?

కృష్ణాతీరం (శాన్ ఆంటోనియో)
అందరికీ నమస్తే. మూడేళ్లుగా నవంబర్ వచ్చిందంటే ఆఫీసు వాళ్ల వెంట జింకల వేటకి వెళ్తున్నా, ఇప్పటిదాకా అరువు రైఫిలే. ఈసారైనా సొంతది కొందామనుకుంటుంటే మా ఇంటికి గంట దూరంలో ఒక చిన్న తుపాకుల కొట్టులో పాత జర్మన్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి గుండుకీ చేత్తో పిడి లాగి మూసేది) ఒకటి కనబడింది. ఎవరో పెద్దాయన పోయాక పిల్లలు అమ్మకానికి ఇచ్చారట. సన్నగా ఉంది, వాల్‌నట్ చెక్క, బోల్ట్ పిడి చెంచాలా బల్లపరుపుగా వంగి ఉంది, ట్రిగ్గర్లు రెండు, పైన 4 రెట్లు పెద్దగా చూపించే జైస్ కంపెనీ స్కోపు కొక్కేల మీద కూర్చుని ఉంది. కట్టిన చీటీ మీద "మౌజర్ 8 మి.మీ., యుద్ధానికి ముందుది" అని రాశారు. 1,250 డాలర్లు అడుగుతున్నాడు, కొంటే రెండు పెట్టెల తూటాలు ఉచితం అంటున్నాడు. చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు, నా భయం కూడా అదే. దీన్ని ఎలా పరీక్షించాలో తెలిసినవాళ్లు చెప్పండి. గ్రీన్ కార్డు ఉంది, వేట లైసెన్సు ఉంది, కాగితాల సమస్య లేదు.

సుజాత_వేట (ఆస్టిన్)
తమ్ముడూ, కింద పెట్టబుద్ధి కాలేదంటే ఆ రోజు జేబులోంచి చెయ్యి తీయకూడదని అర్థం. చెక్క నగిషీ చూసి కొని నేనొకసారి మోసపోయాను, నీ రైఫిల్ గురించి తేలాక ఆ కథ చెప్తాను.

ముందు ఒక మాట. కొట్టువాడు "ఖాళీయే" అన్నా సరే, ప్రతిసారీ బోల్ట్ తెరిచి కంటితో చూసి, చిటికెన వేలు చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గూటిలో, పెట్టి చూసుకో. తర్వాత, చెక్క విప్పి చూపిస్తాడా అని అడుగు. పాత జర్మన్ వాటి జాతకమంతా బ్యారెల్ అడుగున, చెక్క కింద దాగుంటుంది. విప్పనివ్వను అంటే అక్కడికక్కడే నమస్కారం పెట్టి వచ్చెయ్.

పాత ఇనుము (ఒహాయో)
సుజాత గారు చెప్పింది కరెక్టు. నేను దానికంటే ఒక మెట్టు కిందనుంచి మొదలుపెడతాను: అది అసలు మౌజర్ 98, అంటే మౌజర్ వాళ్ల 1898 మోడల్, అవునా కాదా? ఇక్కడి కొట్లలో జర్మనీ నుంచి వచ్చిన పాతదేదైనా "మౌజర్" అయిపోతుంది. మా వైపు కనబడే సన్నని, అందమైన వేట రైఫిళ్లలో చాలావరకు 1888 కమిషన్ రైఫిల్ యాక్షన్ (తూటా పెట్టి తీసే యంత్రభాగం) మీద కట్టినవి. అది మౌజర్ డిజైనే కాదు, జర్మన్ సైన్యం కమిటీ వేసి చేయించింది. గుర్తు పట్టడం తేలిక. వెనక వంతెన, అంటే రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు ఒళ్లు) వెనక భాగం పైన చీలి ఉండి బోల్ట్ పిడి ఆ చీలికలోంచి జారుతూ వెళ్తే అది 88 తరహా. వంతెన మూసుకుని ఉండి పిడి దాని వెనకే ఆగితే 98 కావచ్చు.

98 అయితే బోల్ట్ బయటికి లాగి చూడండి. ముందు రెండు లగ్గులు (బోల్ట్‌ని తాళంలా బిగించే మొటిమలు), వెనక పిడి దగ్గర మూడోది, అది సేఫ్టీ కోసం. పక్కన బారుగా అతుక్కున్న పెద్ద గోరు లాంటి ఎక్స్‌ట్రాక్టర్, కాల్చిన గొట్టాన్ని బయటికి లాగేది. బోల్ట్ ఒంటికి రెండు పొడుగాటి రంధ్రాలు, తూటా అడుగు పగిలితే గ్యాసు బయటికి పోవడానికి. బోల్ట్ వెనక టోపీకి వెడల్పాటి అంచు, ఆ గ్యాసు మన మొహం మీదికి రాకుండా. దీన్ని డిజైన్ చేసిన పాల్ మౌజర్ ఇదంతా సరదాకి పెట్టలేదు.

ఇంకోటి. రిసీవర్ ఎడమ గోడకి పైన బొటనవేలు పట్టేంత గంటు ఉందా? ఉంటే మూలం సైనిక రైఫిల్, తర్వాత ఎవరో వేటకి మార్చారు. లేకపోతే మొదటినుంచి వేట కోసమే చేసింది కావచ్చు. మార్చింది చెడ్డదని కాదు, ధర మాత్రం వేరు.

ఓరుగల్లోడు (డల్లాస్)
అన్నా ఏమనుకోకు గానీ, 1,250 డాలర్లు పెట్టి వందేళ్ల పాతది ఎందుకు? అందులో సగం ధరకి కొత్తది వస్తుంది, స్కోపుతో సహా, వారంటీతో సహా. జింకకి ఏ రైఫిలో తెలుస్తుందా ఏంది.

కృష్ణాతీరం
తమ్ముడూ, నువ్వన్నది నిజమే, మా ఆవిడ కూడా అచ్చం ఇదే మాట అంది. కానీ మా నాన్న పాత హెచ్ఎంటీ వాచీ ఇప్పటికీ రోజూ కీ ఇచ్చుకుంటాడు, ఆ జబ్బు నాకూ వచ్చింది.

నిన్న శనివారం వెళ్లి వచ్చాను. కొట్టాయన మంచివాడు, గుడ్డ పరిచి స్క్రూడ్రైవర్ నా చేతికే ఇచ్చాడు. వెనక వంతెన మూసుకునే ఉంది. మూడు లగ్గులున్నాయి, గోరుంది, రంధ్రాలున్నాయి. ఎడమ గోడ నున్నగా ఉంది, గంటు లేదు. బ్యారెల్ పైన "కృప్, ఎస్సెన్" అని, మూడు రింగుల బొమ్మ. చెక్క విప్పితే అడుగున వరసగా కిరీటాలు, ఒక్కోదాని కింద ఒక్కో అక్షరం: బి, యు, జి. పక్కన "2,67 జి. జి.బి.పి." అని, ఆ తర్వాత "ఎస్‌టి.ఎం.జి." అని చిన్న అక్షరాలు. ఇంకొంచెం వెనక "4 27". కంపెనీ పేరు ఎక్కడా లేదు. అంటే కృప్ కంపెనీ చేసిందా ఇది?

నెక్కార్_నాయుడు (స్టుట్‌గార్ట్)
ఈ దారం ఇవాళే చూశాను. నేనుండేది మౌజర్ పుట్టిన ఒబెర్న్‌డార్ఫ్‌కి దగ్గరే, ఇక్కడ యాగ్డ్‌షైన్, అంటే వేట లైసెన్సు, తీసుకుని ఆరేళ్లయింది, కాబట్టి ఈ ముద్రల భాష కాస్త వచ్చు.

కృప్ రైఫిల్ చేయలేదు, ఉక్కు మాత్రమే ఇచ్చింది. మన దగ్గర పంచెకి మిల్లు ముద్ర ఉన్నట్టు, బ్యారెల్ ఏ ఉక్కుదో చెప్పే ముద్ర అది. పేరు లేదంటే కంగారు పడకండి. సూల్, జెల్లా-మెహ్లిస్ ఊళ్లలో చిన్న చిన్న పనివాళ్లు ఒకరు బ్యారెల్, ఒకరు చెక్క, ఒకరు చెక్కుడు పని పంచుకుని చేసేవాళ్లు, అమ్మే కొట్టు తన పేరు కొట్టించుకుంటే కొట్టించుకునేది, లేకపోతే లేదు. అలాంటివాటిలో కళ్లు తిరిగే పనితనం ఉన్నవీ ఉన్నాయి, నాసిరకమూ ఉన్నాయి.

కిరీటాలు 1891 నాటి ప్రూఫ్ చట్టం, అంటే తుపాకిని కాల్చి పరీక్షించాలనే చట్టం, ముద్రలు. బి అంటే పరీక్ష పేలుడు తట్టుకుంది, యు అంటే తర్వాత మళ్లీ తనిఖీ చేశారు, జి అంటే లోపల గాడులున్న బ్యారెల్. "2,67 గ్రాముల జి.బి.పి." అంటే గెవేర్ బ్లెట్చెన్ పుల్వర్ అనే పొగరాని మందు అంత. "ఎస్‌టి.ఎం.జి." అంటే ఉక్కు తొడుగున్న బుల్లెట్. "4 27" అంటే 1927 ఏప్రిల్‌లో పరీక్షించారు. కిరీటాలు ఉన్నాయంటేనే 1940కి ముందుదని తెలుస్తుంది, ఆ ఏడాది నుంచి గద్ద ముద్ర వచ్చింది. యుద్ధం తర్వాత ఏ ఊరి ప్రూఫ్ హౌస్‌కి ఆ ఊరి గుర్తు, మా ఉల్మ్‌ది జింక కొమ్ము.

చీటీ మీద "యుద్ధానికి ముందుది" నిజమే అన్నమాట. ఇక అసలు ప్రశ్న అడుగుతాను. బ్యారెల్ మీద గానీ రిసీవర్ మీద గానీ "8×57" (8 మి.మీ. తూటా, గొట్టం పొడవు 57 మి.మీ.) అని ఉందా? దాని పక్కన ఏ అక్షరాలున్నాయి? ఎస్ ఉందా లేదా?

కృష్ణాతీరం
ఫోటోలు పెద్దవి చేసి మళ్లీ చూశాను. ఎక్కడా 8×57 అని లేదు. ఎస్ కూడా లేదు. చీటీ మీద 8 మి.మీ. అని కొట్టాయన రాసుకున్నదే.

పాత ఇనుము
ఆగండి ఆగండి. ఆ ఉచితం అన్న రెండు పెట్టెలు ఏ తూటాలు? పెట్టె మీద ఏం రాసుంది?

కృష్ణాతీరం
"8×57 జేఎస్" అని ఉంది గురువుగారూ. యూరప్‌లో చేసినవి, కొత్తవే. ఎందుకు?

పాత ఇనుము
అయితే కొనేవరకు కాదు, కొన్నా కూడా అవి అందులో పెట్టకండి. కొట్టాయనకి ఇవాళే ఫోన్ చేసి ఈ మాట చెప్పండి, మీకంటే ముందు ఇంకెవరైనా కొనుక్కుపోతే వాళ్లకి ఆ పెట్టెలు ఇస్తాడు.

సంగతేంటంటే, జర్మన్ల 8 మి.మీ. ఒక్కటి కాదు, రెండు. 1888లో మొదలైనదానికి బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరిపోయే మొన, మందం .318 అంగుళాలు. 1905లో సైన్యం మొనదేలిన కొత్త బుల్లెట్‌కి మారినప్పుడు .323 అయింది, దానికే ఎస్ అక్షరం. సైన్యం మారింది గానీ వేటగాళ్లు మారలేదు. పాత .318 వేట రైఫిళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారయ్యాయి, 1927 అంటే సరిగ్గా ఏదైనా కావచ్చనే కాలం. చాంబర్ చూస్తే రెంటికీ దాదాపు ఒకటే, .323 తూటా .318 రైఫిల్లో చాలాసార్లు ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది, బోల్ట్ మూసుకుంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. ట్రిగ్గర్ నొక్కితే లావు బుల్లెట్‌ని సన్నని గొట్టంలోకి దూర్చినట్టు, ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేం. అమెరికా ఫ్యాక్టరీలు ఈ భయంతోనే 8 మి.మీ. తూటాలని మెత్తగా నింపుతాయి, ఇక్కడి ప్రమాణం 35,000 పీఎస్ఐ ఒత్తిడి దగ్గరే ఆగుతుంది. యూరప్ జేఎస్ తూటా 3,900 బార్ వరకు వెళ్తుంది, అంటే 56,000 పీఎస్ఐ పైచిలుకు. మీ ఉచితం పెట్టెలు ఆ రకానివి.

ఓరుగల్లోడు
అన్నా .318కీ .323కీ తేడా ఎంత, వెంట్రుకవాసి కదా? దానికింత టెన్షనా?

పాత ఇనుము
0.13 మి.మీ. తమ్ముడూ. నీ ప్రింటర్‌లో కాగితం మందం కంటే ఒక పిసరు ఎక్కువ. బుల్లెట్ పొడవునా, చుట్టూరా, అంత రాగి, సీసం నొక్కుకోవడానికి చోటు ఉండదు. బండిలో పిస్టన్‌కి ఇంత తేడా పెట్టి నడిపి చూడు.

బొబ్బిలి_వాసు (విశాఖ)
ఈ 8 మి.మీ. గోల ఇక్కడా ఉందండీ. మా తాతగారిది ఒక జర్మన్ రైఫిల్ ఉండేది, లైసెన్సు మీద నాన్నగారి పేరుకి మారింది. చిన్నప్పుడు మా బాబాయి ఎక్కడినుంచో ".315" తూటాలు నాలుగు పట్టుకొచ్చి, 8 మి.మీ. అంటే ఇవే కదా అని పెట్టబోయాడు. ఇక్కడ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 రైఫిల్‌కి వాడేది 8×50 ఆర్, మాన్‌లిషర్ తూటా, దాని అడుగున అంచు ఉంటుంది. మౌజర్ గోరు కిందికి ఆ అంచు దూరలేదు, బోల్ట్ సగంలో బిగుసుకుంది. తాతగారు అప్పుడే స్నానం చేసి తడి తువ్వాలుతో బయటికి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బోల్ట్ వెనక్కి లాగి, తూటా తీసి, బాబాయి చేతిలో పెట్టారు. ఆ తర్వాత వారం రోజులు బాబాయితో మాట్లాడలేదు. అది అంచుండబట్టి ఆగింది. మీది ఆగదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇక్కడ వేట మాటే లేదు, ఆ రైఫిల్ ఏటా ఆయుధ పూజకి తప్ప బీరువా దాటదు. 2019 ఆయుధ చట్ట సవరణతో ఒకరికి రెండు ఆయుధాలే అన్నాక ఇంట్లో ఉన్న వాటిలో ఒకటి అప్పగించాల్సి వచ్చింది, నాన్నగారు జర్మన్‌ది ఉంచుకున్నారు.

కృష్ణాతీరం
కొట్టాయనకి ఫోన్ చేశాను. "ముప్పై ఏళ్లుగా 8 మి.మీ. మౌజర్లు అమ్ముతున్నా" అని మొదట నవ్వాడు గానీ, ఎస్ లేదు అనగానే ఒక నిమిషం మాట్లాడలేదు. పెట్టెలు పక్కన పెడతా అన్నాడు. ఇప్పుడు .318ఓ .323ఓ తేల్చడం ఎలా? ఎస్ లేదు కాబట్టి .318 అనేసుకోవచ్చా?

నెక్కార్_నాయుడు
అనుకోకండి. ఎస్ ఉంటే ధైర్యంగా ఉండొచ్చు, లేకపోతే ఏమీ తెలియదని మాత్రమే అర్థం. ఆ కాలంలో అక్షరం కొట్టకుండా వదిలేసిన .323లు కూడా ఉన్నాయి. కొలవాల్సిందే. గట్ల మధ్య 7.80, గాడుల మధ్య 8.07 వస్తే పాతది. 7.89, 8.20 వస్తే ఎస్. గట్టు అంటే బ్యారెల్ లోపల పైకి లేచిన గీత, గాడి అంటే లోతు. మూతి దగ్గర వెర్నియర్ పెట్టి కొలిస్తే మోసపోతారు, వందేళ్లు కడ్డీతో తోమి తోమి మూతి అరిగి ఉంటుంది.

పాత ఇనుము
సీసం దించి కొలవండి. చేపల గాలానికి కట్టే గుండ్రటి సీసం కొనండి, మెత్తనిది, బ్యారెల్ మూతి కంటే కొంచెం లావుది. బోల్ట్ తీసేసి, బ్యారెల్లో నాలుగు చుక్కల నూనె పోసి, మూతి మీద సీసం పెట్టి చెక్క సుత్తితో లోపలికి దించండి, చుట్టూ అంచు కత్తిరించుకుపోతుంది. తర్వాత ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా తోసుకుంటూ చాంబర్ వైపు బయటికి తీయండి. ఇనుప కడ్డీ వద్దు. తోసేటప్పుడు చెయ్యి చెప్తుంది: అంతా ఒకే బిగువుగా వెళ్తే బ్యారెల్ బాగుంది. మధ్యలో ఒక్కసారి వదులై మళ్లీ బిగిస్తే అక్కడ ఉబ్బింది. ఎప్పుడో బుల్లెట్ ఇరుక్కున్నప్పుడు ఇంకోటి కాల్చి ఉంటారు. కొలవడానికి మైక్రోమీటర్ వాడండి. గాడులు నాలుగు ఉంటే ఎదురెదురుగా వస్తాయి కాబట్టి కొలత తేలిక.

అదొక్కటే చాలదు. చాంబర్‌కి అచ్చు పోయాలి. యుద్ధం తర్వాత ఇక్కడికి తెచ్చుకున్న జర్మన్ రైఫిళ్లకి తూటాలు దొరక్క, .30-06 ఖాళీ గొట్టాలు పనికొచ్చేలా చాంబర్‌ని ఇంకా లోతుకి తొలిపించిన సైనికులు బోలెడుమంది, దాన్ని 8 ఎంఎం-06 అంటారు. బయట ఏ గుర్తూ ఉండదు. సెర్రోసేఫ్ అనే మిశ్రమ లోహం దొరుకుతుంది, 70 నుంచి 88 డిగ్రీల మధ్య కరుగుతుంది, వేడినీళ్లలో పెట్టినా చాలు. చాంబర్లో పోసి, గడ్డకట్టాక తీసి, సరిగ్గా గంట తర్వాత కొలిస్తే చాంబర్ అసలు కొలత వస్తుంది. ముందు కుంచించుకుపోయి తర్వాత ఉబ్బుతుంది, అందుకే ఆ గంట.

సుజాత_వేట
వాళ్లు లోపల చూస్తుంటే నేను బయటివి చెప్తాను. చెక్క విప్పినప్పుడు రిసీవర్ తోక వెనక, చెక్క మణికట్టులా సన్నబడే చోట, వేలి గోరుతో మెల్లిగా గీకి చూడు. వెంట్రుక లాంటి పగులు నూనె పీల్చుకుని నల్లగా ఉంటుంది. రికాయిల్ లగ్గు (పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని చెక్కకి అందించే మొటిమ) ఆనే చోట కూడా. అక్కడ చెక్క నల్లబడి మెత్తగా ఉందంటే ఎవరో దశాబ్దాలుగా నూనె పోసి పోసి నిలబెట్టారు, చెక్క వెన్న అయిపోయి ఉంటుంది. లోహం ఇటు చెక్క అంచుకి పైన నీలంగా మెరుస్తూ, అంచు కింద తుప్పు గుంటలుంటే పైపైన పాలిష్ కొట్టారని అర్థం. ముద్రల అంచులు కరిగినట్టుగా, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లెంలా లోతుగా ఉన్నాయా చూడు, అవి ఉంటే లోహానికి నీలం పూత మళ్లీ వేయించారు. స్క్రూల తలలు చెడి ఉంటే ఇంతకు ముందు విప్పినవాడికి పని రాదు. లోపల ఏం చేశాడో మరి.

ఇప్పుడు నా కథ. అదీ ఇలాంటిదే, రెండు ట్రిగ్గర్ల జర్మన్‌ది. వెనకది నొక్కితే క్లిక్ మని సెట్ అవుతుంది, అప్పుడు ముందుది వెంట్రుక తగిలినా పేలుతుంది. బాగుంది కదా అని కొనేశాను. ఇంటికొచ్చి ఖాళీగా ఉన్నప్పుడు సెట్ చేసి పిడిని రబ్బరు చాప మీద తడితే దానంతటదే టక్కుమంది. లోపల కొక్కెం అరిగిపోయింది. అడవిలో మంచె ఎక్కుతూ ఇది జరిగి ఉంటే అని రెండు రాత్రులు నిద్రలేదు. బాగుచేసేవాడు దొరకడానికి ఎనిమిది నెలలు, ఖర్చు అడగొద్దు. కాబట్టి ఖాళీ తుపాకి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, సెట్ చేసి బోల్ట్ గట్టిగా మూసి చూడు, పిడి తట్టి చూడు, సేఫ్టీ రెక్క పెట్టి ట్రిగ్గర్ లాగి వదిలి, రెక్క తీసేటప్పుడు పడుతుందేమో చూడు. ఒక్కసారి పడినా వద్దు.

ఓరుగల్లోడు
అక్కా, అడిగేశా కాబట్టి ఇదీ అడుగుతా. నేను హెచ్-1బి మీద ఉన్నా. నేను కొనచ్చా? మావోళ్లలో సగం మంది అసలే కుదరదంటున్నరు, సగం మంది ఏం కాదంటున్నరు.

సుజాత_వేట
మామూలుగా కుదరదు. ఇమ్మిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం నిషేధించింది. మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. కొట్లో తుపాకి కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అది నింపాలి, కాపీ చూపాలి. కొన్ని కొట్లు మాకెందుకీ తలనొప్పి అని అమ్మవు, అది వాళ్ల ఇష్టం. లైసెన్సు గడువు అయిపోయిన రోజు మినహాయింపు కూడా పోతుంది, ఇది చాలామంది మర్చిపోతారు. గ్రీన్ కార్డు స్నేహితుడి పేరు మీద కొనిపించుకుందాం అనే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే వదిలెయ్, అది నేరుగా నేరం, స్నేహితుడూ పోతాడు, నీ వీసా పోతుంది. కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని ఒక మాట అడుగు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పదు, ఎలాగూ అది చేసెయ్, బాగుంటుంది.

నెక్కార్_నాయుడు
మా దగ్గర వీసా రకం కాదు ముఖ్యం, పరీక్ష ముఖ్యం. నేను చదివిన ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ కంటే యాగ్డ్‌షైన్ పరీక్షకే ఎక్కువ చదివాను, ఆకులు చూసి చెట్టు పేరు చెప్పాలి. అది పాసయ్యాక మాత్రం వేట రైఫిల్ కొనడం తేలిక, కొని రెండు వారాల్లో నమోదు చేయించాలి. ముఖ్యమైన భాగం మార్చితే ప్రూఫ్ హౌస్‌లో మళ్లీ పరీక్ష తప్పదు.

స్కోపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ కొక్కేల మౌంటుని ఇక్కడ సూలర్ ఐన్‌హాక్ మొంటాజె అంటారు, ఆకురాయితో ఒక్కో రైఫిల్‌కి చేత్తో అరగదీసి కూర్చోబెట్టినవి. ఇవాళ కొత్తగా చేయిస్తే మీ రైఫిల్ ధరలో పెద్ద ముక్క దానికే పోతుంది. కాబట్టి మౌంటు మీద ఉన్న నంబర్, రైఫిల్ నంబర్ ఒకటేనా చూడండి. కాకపోతే ఎక్కడి స్కోపో తెచ్చి తగిలించారు. పదిసార్లు తీసి పెట్టండి, చప్పుడు లేకుండా ఒకే చోట కూర్చోవాలి, ఊగకూడదు. స్కోపుని ఆకాశం వైపు పెట్టి చూస్తే లోపల చెట్టు కొమ్మల్లాంటి గీతలు కనబడితే అద్దాలు అతికించిన జిగురు విడిపోతోంది. పైన ఒకటే మీట ఉందని పాడైందనుకోకండి. ఆ కాలం వాటిలో చాలా వాటికి ఎత్తుపల్లాలే స్కోపులో సరిచేసేవారు, కుడి ఎడమలు వెనక మౌంటులో. ట్యూబు లావు 26 మి.మీ. దగ్గర ఉంటుంది, ఒక అంగుళం రింగులు కొనేసి తర్వాత బాధపడకండి.

కృష్ణాతీరం
ఇవాళ వెళ్లొచ్చాను. చాలా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ట్రిగ్గర్. పన్నెండుసార్లు తట్టాను, ఒక్కసారీ పడలేదు. చెక్కలో పగులు లేదు, వెనక చివర మాత్రం చిన్న చెక్క ముక్క ఊడి అతికించారు. మౌంటు నంబరూ, రైఫిల్ నంబరూ, బోల్ట్ నంబరూ మూడూ ఒకటే. స్కోపులో అంచున నెలవంకంత మసక ఉంది.

తర్వాత సీసం. వాల్‌మార్ట్‌లో గాలం సీసాలు డాలర్‌న్నరకి పొట్లం. కొట్టాయనే తన బల్ల మీద పెట్టి దించాడు, మొదటి దెబ్బకి చుట్టూ సన్నని సీసం ఉంగరం ఊడి కింద పడింది. అక్కడినుంచి నన్ను తోయమన్నాడు. మూతి దగ్గర రెండంగుళాలు కొంచెం వదులు, ఆ తర్వాత చివరిదాకా వెన్నలో కత్తిలా ఒకే బిగువు. చాంబర్ వైపు నుంచి అరచేతిలో పడ్డప్పుడు ఇంకా వెచ్చగా ఉంది, నాలుగు గాడులు మెరుస్తూ, గట్ల అచ్చు అంచుల్లో బ్యారెల్ పనిముట్టు గీతలు కూడా పడ్డాయి. ఆయన మైక్రోమీటర్ తిప్పి చూసి మాట్లాడకుండా నా చేతికిచ్చాడు. 8.08. మళ్లీ తిప్పి చూశాను. 8.08.

.318 అన్నమాట.

ఆయన కౌంటర్ కింద నుంచి ఆ రెండు పెట్టెలు తీసి వెనక గదిలో పెట్టి వచ్చాడు. వచ్చాక చాలాసేపు రైఫిల్ వంకే చూస్తూ, ఆ పెద్దాయన పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంకేమైనా ఇచ్చారేమో వెతుకుతా అన్నాడు. చాంబర్ అచ్చు కూడా పోశాం, గంటసేపు కాఫీ తాగాం, మామూలు 8×57 పొడవే వచ్చింది, ఎవరూ తొలిపించలేదు. హెడ్‌స్పేస్ గేజ్ (బోల్ట్ మూశాక తూటాకి ఉండే సందు కొలిచేది) గోరు కింద దూర్చి పెట్టాడు, గో మీద మూసుకుంది, నో-గో మీద ఆగింది, అంటే సందు సరిగ్గానే ఉంది.

పాత ఇనుము
గేజ్ గోరు కింద దూర్చాడంటే పని తెలిసినవాడే, పారేయకండి ఆయన్ని.

.318 అయినంత మాత్రాన పనికిరానిది కాదు. చాంబర్ పాడు కాలేదు, బ్యారెల్ ఉబ్బలేదు, నంబర్లు కలిశాయి, ఇంతకంటే ఏం కావాలి. తూటాలే కొట్లో దొరకవు, మీరే నింపుకోవాలి. .318 బుల్లెట్లు 196, 200 గ్రెయిన్ల బరువులో చేసేవాళ్లు ఉన్నారు, ఇత్తడి గొట్టాలు మామూలు 8×57వే. తూటాలు నింపే పుస్తకంలో జే అని ఉన్న లెక్క తప్ప జేఎస్ లెక్క చూడొద్దు. అన్నట్టు ఆ జే నిజానికి ఐ, ఇన్‌ఫాంట్రీకి మొదటి అక్షరం. పాత జర్మన్ అచ్చులో రెండూ ఒకలాగే ఉండేవి, ఇక్కడివాళ్లు జే అని చదివేశారు.

ధర మాత్రం తగ్గించమనండి. తూటాలు దొరకని రైఫిల్‌కి కొనేవాళ్లు తక్కువ, ఆ సంగతి ఆయనకి ఇప్పుడు మీకంటే బాగా తెలుసు.

ఓరుగల్లోడు
అంటే ఇప్పుడు రైఫిల్‌తో పాటు తూటాలు నింపే మెషిన్ కూడా కొనాలె. వదినకి చెప్పినవా అన్నా?

కృష్ణాతీరం
చెప్పలేదు, ఈ దారం లింకు ఎవరూ పంపకండి.

సుజాత_వేట
ఎంతకి తెగింది?

కృష్ణాతీరం
850. ఆయన 1,000 దగ్గర ఆగాడు, నేను స్కోపులో మసక చూపించాను, చెక్క ముక్క చూపించాను, ఇక చూపించడానికి ఏమీ లేక ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే 850 అన్నాడు. ఫారం నింపాను, పది నిమిషాల్లో క్లియర్ అయింది.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. నిన్న ఆయనే ఫోన్ చేశాడు. పెద్దాయన పిల్లలు గ్యారేజీలో దొరికిన ఒక సిగార్ పెట్టె ఇచ్చారట, అందులో నలభై దాకా పాత బుల్లెట్లు, కాగితం ముక్క మీద పెన్సిల్‌తో ".318 మాత్రమే" అని. రైఫిల్‌తో పాటు ఇవ్వడం మర్చిపోయారు. పాత ఇనుము గారూ, ఇవి కాల్చొచ్చా, లేక అలాగే ఉంచెయ్యాలా?

పాత ఇనుము
ఒక్కొక్కటీ మైక్రోమీటర్ పెట్టి కొలిచాక అడగండి.